టమాట పేజీ

మైదాపిండి జిగురు అడుగంటకుండా గరిటెతో తిప్పుతూ పరంజ్యోతి మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. పక్క మంట మీద పిల్లల కోడిగుడ్లు ఉడుకుతున్నాయి. ఆ అంగన్‌వాడీ గదికి ఉన్నది ఒకటే గ్యాసు పొయ్యి. దాని మీద గుడ్లతో పాటు జిగురు కూడా ఉడకడం ఆయా ఇమాంబీకి బొత్తిగా నచ్చలేదు.

"బిడ్డలకు వండే పొయ్యి మీద ఇదేం పని టీచరమ్మా," అంది చీపురు మూలన పెడుతూ.

"ఇది గూడా బిడ్డలకేలే. పుస్తకం కుట్టు కాడ చినిగింది. మేడమ్ వచ్చేలోపల అతికిచ్చల్ల. అవునూ, సిరి ఇంగా రాల్యా?"

"వస్తాదిలే. యాడికి పోతాది."

సిరి ఎప్పుడూ అందరికంటే ముందే వస్తుంది. గేటు తీయకముందే వచ్చి అరుగు మీద కూర్చుని, చెప్పులు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుని, మళ్లీ విప్పి, మళ్లీ అలాగే తప్పు వేసుకుంటూ ఉంటుంది. ఈరోజు అరుగు ఖాళీగా ఉంది. ఈరోజే సూపర్‌వైజరు మేడమ్ వీడియో తీయడానికి వస్తోంది. సిరి లేకుండా ఆ వీడియో ఎలా తీయడమో పరంజ్యోతికి తోచడం లేదు.

ఆ వీడియో పుస్తకం గురించి. పుస్తకమంటే అచ్చయి వచ్చింది కాదు. ఆఫీసు వాళ్లిచ్చిన బొమ్మల పుస్తకాలు పిల్లల చేతుల్లో నలిగి, నమిలి, ఆఖరికి పీలికలయ్యాక ఆమె తానే ఒకటి చేసింది. పాత గోడ క్యాలెండర్ల అట్టలు ఒక కొలతకు కోసి, దబ్బనంతో పురికొస ఎక్కించి, గోనెసంచి కుట్టినట్టు కుట్టింది. ఎవరు పీకినా రాదు. బొమ్మలన్నీ కొడుకు జయప్రకాష్ తెచ్చినవి. అతను నంద్యాలలో విత్తనాలూ పురుగుమందులూ అమ్మే అంగట్లో పనిచేస్తాడు. ఆదివారం ప్రార్థనకు వచ్చినప్పుడల్లా ఖాళీ విత్తనాల ప్యాకెట్లు, మందుల అట్టపెట్టెలు, డబ్బాలకు అతికించగా మిగిలిన కాగితాలు సంచినిండా తెస్తాడు.

"కొడుకులు అమ్మలకు పండ్లు తెస్తారు. నాకేమో పండ్ల బొమ్మలు తెచ్చే కొడుకు పుట్టినాడు," అని ఆమె ఇమాంబీతో నవ్వుతూ అంటుంది.

ఆ బొమ్మలు మాత్రం ఎంత బాగుంటాయో. పొలంలో ఏనాడూ కాయనంత నిగనిగలాడే మిరపకాయలు, మంచుబిందువులతో వంకాయలు, చేతినిండే మొక్కజొన్న కంకి, విచ్చిన పత్తికాయ. కంపెనీ పేరూ, ఫోను నెంబరూ, చీమలంత అక్షరాలూ అన్నీ కత్తెరతో తీసేసి ఒట్టి బొమ్మను అతికించింది. మందుల అట్టల మీద బొమ్మ కిందే ఒక గుర్తు ఉంటుంది, మూల మీద నిలబెట్టిన పలకలా. దాని పై సగంలో పుర్రె, కింది సగంలో ఎర్ర రంగు. ఆ పుర్రెను చూసి పిల్లలు జడుసుకుంటారని అన్నిటికంటే ముందు దాన్నే కత్తిరించేది. అయినా ఆ ముక్కలు పారేయబుద్ధి కాలేదు. అట్ట మందంగా ఉంది, చిరిగిన పేజీలకు వెనక అతుకు వేయడానికి పనికొస్తాయని ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. పేదింట్లో పుట్టిన మనిషి ఏ ముక్కనూ ఊరికే పోనివ్వదు.

జిగురు దించి, చిరిగిన మొక్కజొన్న పేజీకి వెనక రాసి, గుడ్డతో ఒత్తింది. ఆమె వేళ్ల కొసలు మొద్దుబారి ఉంటాయి. గోళ్లు ఎంత కడిగినా అంచుల్లో పసుపచ్చగానే ఉంటాయి. చిన్నప్పుడు పత్తి క్రాసింగుకు పోయిన వేళ్లవి.

ఆళ్లగడ్డ వైపు విత్తనాల పత్తి చేలల్లో ఆ పనికి పిల్లల్నే పిలిచేవాళ్లు. చెట్టూ పిల్లా ఒకే ఎత్తు ఉంటారు, నడుము వంచే పని లేదు. సాయంత్రం మొగ్గ రేకులు ఒలిచి, లోపలి పుప్పొడిని గోటితో గీకేయాలి. పొద్దున్నే వేరే మొక్క పువ్వు తెంపుకొచ్చి దానికి రుద్దాలి. ముందురోజు కొట్టిన మందు ఆకుల మీద తడిగానే ఉండేది. ఆ చేతులతోనే సద్దిసంగటి తినేవాళ్లు. తల తిరిగి గట్టు మీద పడుకుంటే మేస్త్రీ వచ్చి కాలితో లేపేవాడు. అమ్మా నాయనా వేరే సాళ్లలో అదే పనిలో ఉండేవాళ్లు, చూసీ చూడనట్టు తలలు వంచుకునేవాళ్లు. వాళ్లను తప్పుపట్టి ఏం లాభం. చర్చి బడిలో పంతులమ్మ ఇంటికొచ్చి పోట్లాడి మళ్లీ పలక చేతికిచ్చేదాకా పరంజ్యోతి బాల్యమంతా ఆ మొగ్గల్లోనే పోయింది.

తర్వాత పదో తరగతి గట్టెక్కడం, ట్రాక్టరు నడిపే మనిషితో పెళ్లి, ఈ ఉద్యోగం, ఒక వానాకాలం జ్వరంలో భర్త పోవడం, కొడుకు పెద్దవాడు కావడం, అన్నీ అందరి బతుకుల్లాగే జరిగిపోయాయి. ఎవరైనా ఆమె గురించి చెప్పమంటే ఆ టీచరమ్మ మంచిది అని ఒక ముక్క చెప్పి వేరే మాట ఎత్తుకుంటారు. ఆమెకు మాత్రం లోపల ఒక పట్టుదల ఉండేది. ఈ వయసు పిల్లలకు చేను బొమ్మలో ఉంటే చాలు. విత్తు ఏదో, ఆకు ఏదో, కాయ ఏదో నీడపట్టున చాప మీద కూర్చుని తెలుసుకోవాలి. మందు వాసన వాళ్ల వేళ్లకు అంటకూడదు. ఆ పుస్తకం కుట్టింది అందుకే.

ఆటను కూడా ఆమే కనిపెట్టింది. పేజీ తెరిచి "ఇదేంది?" అని అడగాలి. పిల్లలు పేరు చెప్పాలి. చెప్పినవాళ్లు ముందుకొచ్చి బొమ్మ మీది కాయను రెండు వేళ్లతో తెంపినట్టు చేసి, నోట్లో వేసుకుని "ఆం" అనాలి. పేరు చెప్పడానికి మొండికేసే పిల్లలు కూడా ఆ "ఆం" కోసం పేరు చెప్పేవాళ్లు. సిరి సంగతే చూడండి. మూడేళ్లు దాటినా ఆ పిల్ల నోట మాట లేదు. తల్లి లూదియా ఆళ్లగడ్డలో చూపించింది, నంద్యాలలో చూపించింది, చర్చిలో మొక్కుకుంది. ఒకరోజు అందరూ ఆడుకుంటుంటే సిరి పాక్కుంటూ వచ్చి టమాట గుత్తి మీద చెయ్యి పెట్టి, గుత్తిలో చివరి పండును గోటితో గీకి, "టమాట" అంది. తర్వాత "ఆం" అంది. ఆరోజు లూదియా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పరంజ్యోతి కూడా ఏడ్చింది. తన బతుకులో ఒక పని చేశాననిపించింది ఆమెకు. అలా అనిపించడం అదే మొదలు.

అప్పటినుంచీ సిరికి ఆ పేజీ ఒక్కటే కావాలి. రోజూ అదే గుత్తి, అదే చివరి పండు. మిగతా పిల్లలు వేరే పండు తెంపొచ్చు గానీ అది సిరిది.

పిల్లలంతా వచ్చారు. ప్రార్థన అయింది. హాజరు కోసం ఫోనులో పిల్లల ముఖాలు ఎక్కించే పని మొదలైంది. ముఖం సరిగా పడలేదని ఫోను ఒప్పుకోదు, పడితే సిగ్నలు ఒప్పుకోదు. ఆ ఫోను ముందు పరంజ్యోతి రోజూ చేతులు కట్టుకోవడం ఒక్కటే తక్కువ. సిరి ముఖం ఉండాల్సిన చోట ఖాళీగా ఉండిపోయింది. ఇమాంబీ గుడ్లు పంచి, సిరి గుడ్డును పళ్లెంలో పెట్టి పైన గిన్నె బోర్లించింది.

"ఒకతూరి వాళ్లింటి కాడికి పోయి రా ఇమాంబీ. బిరబిరా రా."

ఇమాంబీ వెళ్లి, ఆయాసపడుతూ తిరిగొచ్చింది.

"తలుపుకు గొళ్లెం పెట్టుండాది. పక్కింటి రాములమ్మ చెప్పింది. పొద్దున్నే బిడ్డను బండి మీద ఏసుకోని ఆళ్లగడ్డకు పోయినారంట. వాంతులంట."

"నిన్న బాగానే ఉండె గదా."

"ఎండకేమోలే. ఏందో తినుంటాది."

పరంజ్యోతికి మనసు చివుక్కుమంది. బిడ్డకు ఒంట్లో బాగాలేదని కొంత, వీడియోలో ఉండదని కొంత. ఆ రెండోది తలుచుకుని సాయంత్రం ఆమె తనను తాను ఎన్ని మాటలనుకోవాలో అప్పుడు తెలియదు.

సూపర్‌వైజరు మేడమ్ వచ్చింది. చెడ్డ మనిషి కాదు. ఎండలో స్కూటీ మీద ఊళ్లన్నీ తిరిగి ముఖం కమిలిపోయి ఉంది. మంచినీళ్లు తాగి, పుస్తకం అందుకుని, దాని కుట్టు చూసి, పేజీలు తిప్పి నిజంగానే ముచ్చటపడింది. సిరి కోసం కాసేపు ఆగుదామని పరంజ్యోతి అడిగితే గడియారం చూసుకుని తల అడ్డంగా ఊపింది. చివరికి ఇమాంబీ మనవడు వసీం ముందుకొచ్చాడు. వాడికి సిగ్గు తెలియదు. మిరపకాయ తెంపి "ఆం" అని, కారమన్నట్టు నాలుక బయట పెట్టి ఊదుకున్నాడు. టమాట తెంపాడు. వంకాయ తెంపాడు. పిల్లలంతా వాడితో పాటు నోళ్లు తెరిచి "ఆం" అన్నారు.

"చాలా బాగుంది పరంజ్యోతీ. నంద్యాల మీటింగులో చూపిస్తా. గ్రూపులో కూడా పెడతా. అన్ని సెంటర్లలోనూ ఈ ఆట ఆడించాలి," అంది మేడమ్.

పరంజ్యోతి పైటకొంగు సర్దుకుంది. మేడమ్ స్కూటీ మలుపు తిరిగేదాకా గేటు దగ్గరే నిలబడింది.

పిల్లలకు అన్నాలు పెడుతుండగా ఫోను మోగింది. సిరి నాయన ఏలీయా.

"టీచరమ్మా, నంద్యాలలో ఉండాం. ఆళ్లగడ్డోళ్లు ఈడికి పంపిరి. డాక్టరు మందు పేరడుగుతాండాడు. నాకు తెల్దు. డబ్బా ఇంటికాడనే ఉండాది. నువ్వు ఇంగిలీషు సదువుతావని ఫోన్ చేస్తి. రవ్వంత పోయి సూడు."

"ఏం మందప్పా?"

"చేనికి కొట్టేది. పాప తాగింది."

ఆమె పిల్లలను ఇమాంబీకి వదిలి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఏలీయా ఇల్లు వీధి చివర ఉంది. పక్కనే కౌలుకు తీసుకున్న చిన్న టమాట చేను. పెరట్లో నీళ్ల డ్రమ్ము, దాని పక్కన మందు కొట్టే ట్యాంకు మూత తీసి ఉంది. ఏలీయా పొద్దున్నే మందు కలపబోయి, నీళ్ల కోసం బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయుంటాడు. డబ్బా ట్యాంకు చాటున పక్కకు ఒరిగి పడి ఉంది. మట్టి తడిసి, ఆరి, తెల్లగా పొరకట్టింది. ఆ వాసన తగలగానే పరంజ్యోతికి చిన్నప్పటి తల తిరుగుడు మళ్లీ వచ్చినట్టయింది. డబ్బా ఎత్తి, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, పేరులోని అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. పిల్లలకు అక్షరాలు చెప్పినంత నిదానంగా. అవతల ఏలీయా ఒక్కొక్కటే తిరిగి చెప్పాడు. అతని పక్కన ఇంకెవరో మళ్లీ చెప్పారు.

"దొరికిందంట టీచరమ్మా. డబ్బా గూడా తెమ్మంటాండారు."

"తెస్తా," అని ఆమె డబ్బాను ఇటు తిప్పింది.

ఇటువైపు టమాట గుత్తి ఉంది. అదే గుత్తి. ఐదు పండ్లు, తలల మీద పచ్చటి ముచ్చికలు, ఒకదాని మీద జారబోయే నీటిబొట్టు. చివరి పండు మీద గోటి గీత. కొత్తది. గీసినచోట కాగితం పొర లేచి నిలబడింది. దాని కిందే మూల మీద నిలబెట్టిన పలక, పుర్రె, ఎర్ర రంగు. సిరికి పండు తెలుసు. దాని పేరు తెలుసు. తెంపి ఏం చేయాలో తెలుసు. కింద ఉన్న గుర్తు ఏమిటో ఆ బిడ్డకు తెలియదు. ఎందుకంటే ఆమె పుస్తకంలో అది లేదు.

పరంజ్యోతి ఆ తడి ఆరిన మట్టిలోనే కూర్చుండిపోయింది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. రాములమ్మ గోడ అవతలి నుంచి "ఏందమ్మా, ఏమైంది" అని పిలిస్తే లేచింది.

నంద్యాల బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. డబ్బా మూత బిగించి, తువ్వాలులో చుట్టి, సంచిలో పెట్టి, సంచిని ఒళ్లో పెట్టుకుంది. అయినా వాసన ఆగలేదు. పక్కనున్న పెద్దాయన ముక్కు మూసుకున్నాడు.

"ఏందమ్మా మందు పట్టుకోని బస్సెక్కినావు. బిడ్డా పాపా ఉండారు గదా బస్సులో."

"అవునన్నా," అంది ఆమె. "బిడ్డలుండారు."

ఆమె సంచిని గట్టిగా పొట్టకు అదుముకుంది. శిరివెళ్ల దాటింది. రెండు వైపులా చేలు. చేలల్లో మందు ట్యాంకులు వీపున వేసుకున్న మనుషులు, గట్ల మీద గొడుగుల కింద పిల్లలు. ప్రభువా, ఆ ఒక్క బిడ్డను నిలబెట్టు అని మొదట వేడుకుంది. తర్వాత నన్ను తీసుకుపో అంది. తర్వాత ఎవరికీ తెలియనీకు అంది. అనగానే తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది. ఇంత కష్టంలో కూడా మనిషి బుద్ధి ఎక్కడికి పోతుందో చూడమని ఎవరో ఎదురుగా నిలబడి అంటున్నట్టుంది.

ఆసుపత్రి గేటు దగ్గరే ఏలీయా ఎదురొచ్చి డబ్బా అందుకుని లోపలికి పరుగెత్తాడు. లూదియా వరండాలో గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. చీరంతా వాంతి మరకలు. పరంజ్యోతిని చూడగానే చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"లోపల గొట్టాలు ఏసినారు. నన్ను రావద్దన్నారు."

"ఏం కాదులే," అంది పరంజ్యోతి. తన గొంతు తనకే అబద్ధంగా వినిపించింది.

"నేను పొయ్యి కాడ ఉంటి. పెరట్లోంచి 'టమాట' అనింది. ఎంత బాగా పలికిందో టీచరమ్మా. చేనులో పండు చూసి అంటాందిలే అనుకొంటి. 'అవు నాయనా, టమాట' అంటి. ఇంగోతూరి అనింది. మల్లా 'ఆం' అనింది. నేను నవ్వుకొంటి." లూదియా చీర మీది మరకను వేలితో రుద్దింది. "నవ్వుకొంటి నేను."

"లూదియా, ఆ ఆట నేర్పింది..."

"నువ్వేలే. మాటలు రావన్న బిడ్డకు మాట నేర్పిస్తివి. బొమ్మ చూసి పేరు చెప్పిందని డాక్టరుకు గూడా చెప్తి. మా బిడ్డకు అన్నీ తెల్సు సార్, మా టీచరమ్మ నేర్పింది అని చెప్తి."

పరంజ్యోతి నోరు తెరిచింది. ఆ గుర్తు కత్తిరించింది నేనే, ఆ పుర్రెను నా చేతులతో తీసేసి ఒట్టి పండును మాత్రం నీ బిడ్డకు చూపించాను అని చెప్పాలి. లూదియా ఆమె చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఆ మొద్దు వేళ్లను ఒక్కొక్కటే ఒత్తుతూ కూర్చుంది. చెప్పలేకపోయింది.

ఎండ వరండా అంచు దాటి వెనక్కి పోయింది. నర్సు వచ్చి ఏలీయాను లోపలికి పిలిచింది. లూదియా లేవబోయి, మళ్లీ కూర్చుంది. ఏలీయా బయటికొచ్చాడు. అతని చేతిలో సిరి చెప్పులు ఉన్నాయి. వాటిని తెచ్చి లూదియా ఒళ్లో పెట్టాడు. కుడిది ఎడమ పక్కన, ఎడమది కుడి పక్కన. లూదియా వాటిని సరిచేసి పెట్టింది. ఆ తర్వాతే ఆమెకు ఏడుపు వచ్చింది.

జయప్రకాష్ అంగడి నుంచి వచ్చి మిగతా పనులకు ఏలీయాతో ఉండిపోయాడు. "నువ్వు ఇంటికి పోమ్మా, నేను చూసుకుంటా," అన్నాడు. కొడుకు చొక్కా నుంచి కూడా ఆ వాసనే వస్తోంది. ఇన్నేళ్లూ ఆ వాసనకు ఆమె అలవాటుపడిపోయింది.

తిరుగు బస్సులో ఫోను తీసింది. గ్రూపులో వసీం వీడియో ఉంది. మిరపకాయ తెంపి ఆం, టమాట తెంపి ఆం. కింద చప్పట్ల బొమ్మలు, పూల బొమ్మలు. మేము కూడా రేపటి నుంచి చేస్తాం మేడమ్ అని దొర్నిపాడు నుంచి ఒకరు, సంజామల నుంచి ఒకరు. మేడమ్‌కు ఫోను చేసింది.

"మేడమ్, ఆ వీడియో తీసేయండి."

"ఎందుకు పరంజ్యోతీ? అందరూ మెచ్చుకుంటున్నారు."

"సిరి పోయింది మేడమ్. మందుడబ్బా మీద టమాట బొమ్మ చూసి తాగింది. నేను నేర్పిన ఆటే. పుస్తకంలో పుర్రె గుర్తు నేనే కత్తిరిస్తి."

"అయ్యో. ఎంత పని జరిగింది," అంది మేడమ్. "కానీ దానికీ దీనికీ ముడిపెట్టకు. ఇళ్లలో జాగ్రత్తగా ఉండకపోతే నువ్వేం చేస్తావు. నువ్వు కంగారులో ఉన్నావు. రెండు రోజులు సెలవు పెట్టి పడుకో."

"తీసేయండి మేడమ్. బిడ్డలు తింటాండారు."

"గ్రూపుల్లో తిరిగిపోయింది పరంజ్యోతీ. ఇప్పుడు నేను తీసినా ఏం లాభం? సరే, చూస్తాలే."

ఊళ్లో దిగేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఆమె ఇంటికి పోలేదు. మొదటి ఇంటి తలుపు దగ్గర నిలబడి, "మందుడబ్బాలు యాడ పెట్టినారు? చూపియ్యండి, పైన పెట్టండి," అంది. వాళ్లు ముఖముఖాలు చూసుకుని డబ్బా అటక మీదికి ఎక్కించారు. రెండో ఇంట్లోనూ అంతే. సిరి కబురు అప్పటికే ఊళ్లోకి వచ్చింది. పాపం టీచరమ్మకు ఆ బిడ్డంటే ప్రాణం, మతి చలించింది అని వెనక ఎవరో అనడం వినిపించింది. ఆమె ఆగలేదు.

ఇమాంబీ ఇంటి వాకిట్లో విత్తనాల సంచి ఒకటి కాళ్లు తుడుచుకోవడానికి పరిచి ఉంది. దాని మీద మొక్కజొన్న కంకి బొమ్మ. వసీం దాని పక్కన కూర్చుని ఆడుకుంటున్నాడు. టీచరమ్మను చూడగానే వాడి ముఖం విప్పారింది. ఆమె అడగకుండానే, ఆమెను మెప్పించాలని, సంచి మీది కంకిని రెండు వేళ్లతో తెంపి నోట్లో వేసుకున్నాడు.

"ఆం," అన్నాడు.

పరంజ్యోతి వాడి చేతి మీద కొట్టింది. ఆ చిన్న చేయి ఎర్రబడింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ బిడ్డనూ ఆమె కొట్టలేదు. వసీం ఏడవలేదు. ఎందుకు కొట్టిందో అర్థంకాక నోరు తెరిచి అలాగే చూశాడు. ఇమాంబీ లోపలి నుంచి వచ్చి ఇద్దరినీ చూసి, మనవణ్ని ఎత్తుకుని, అంగన్‌వాడీ తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

అంగన్‌వాడీ గది తెరిచింది. సిరి గుడ్డు మీద బోర్లించిన గిన్నె అలాగే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. పుస్తకం తీసి చాప మీద పెట్టి, పేజీలు చించబోయింది. రాలేదు. దబ్బనంతో తానే అంత గట్టిగా కుట్టింది. పళ్లతో పురికొస కొరికింది, అది తెగలేదు. కత్తెర కోసం అలమరలో వెతుకుతుంటే బిస్కెట్ల డబ్బా చేతికి తగిలింది.

మూత తీసింది. పుర్రెలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

చించేస్తే మాత్రం ఏం తీరుతుంది. రేపు పిల్లలు వస్తారు. వాళ్ల ఇళ్లలో ఆ డబ్బాలు ఉంటాయి, వాటి మీద ఆ బొమ్మలు ఉంటాయి. నేర్పింది ఎలా వెనక్కి తీసుకోవాలో ఏ శిక్షణలోనూ ఎవరూ ఆమెకు చెప్పలేదు. పొద్దుటి జిగురు గిన్నె తెచ్చింది. మీద తెట్టు కట్టింది. తెట్టు తీసేసి, కాసిని నీళ్లు కలిపి, వేలితో మెదిపింది. మిరపకాయ పేజీ తెరిచి, దాని కింద ఉండాల్సిన గుర్తును వెతికి అతికించింది. వంకాయకు దానిది. అట్ట అంచులు ఏ ముక్క ఏ బొమ్మదో చెబుతున్నాయి. ఆ మొద్దు వేళ్లతో నొక్కుతూ, జిగురు పక్కలకు ఉబికితే పైటకొంగుతో తుడుస్తూ, వంచిన తల ఎత్తకుండా అతికించుకుంటూ పోయింది. మధ్యలో ఏడుపు వచ్చినప్పుడు ఆగింది. ఆగాక మళ్లీ అతికించింది.

టమాట పేజీ ఆఖరుకు మిగిలింది. దాని ముక్క డబ్బా అడుగున ఉంది. అతికిస్తే సరిగ్గా అతికింది, ఏనాడూ కత్తిరించనట్టు. పైన గుత్తిలో నాలుగు పండ్లు నిగనిగలాడుతున్నాయి. చివరి పండు మాత్రం, సిరి రోజూ తెంపుకున్న చోట, ఎరుపంతా పోయి తెల్లటి అట్ట కనిపిస్తోంది.